తొట్టెల ఖాళీ అయిన తరువాత

బిడ్డను తొట్టెలలో వేయడానికి మనకు ముహూర్తం ఉన్నది. డోలారోహణమనే పేరుతో తిథి, వార, నక్షత్రాలు చూచి పురోహితులు దానిని నిర్ణయిస్తారు. 11వ నాడో, 21వ నాడో ముత్తైదువలు వచ్చి తొట్టెలకు పసుపు కుంకుమలు పెడతారు, పూలు చుడతారు. బిడ్డను తొట్టెల కింది నుండి ఒకరికొకరు అందించుకొని, మెల్లగా పడుకోబెట్టి, చెవిలో పేరు చెబుతారు. కొన్ని ఇళ్ళలో బిడ్డకంటె ముందుగా సన్నికల్లు పొత్రాన్ని తొట్టెలలో ఉంచి ఊపుతారు. తాడు, కొక్కెము బరువును ఆపగలవో లేవో చూచుకొనడానికే పెద్దలు ఈ ఆచారం పెట్టి ఉంటారని నా అభిప్రాయం. అటుపిమ్మట బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు. అన్నప్రాశనం, పుట్టు వెంట్రుకలు సరేసరి. ఎదుగుదలలోని ప్రతి మెట్టుకూ ఒక పిండివంటో, ఒక సంస్కారమో ఉన్నది.

తొట్టెల నుండి బిడ్డను తీసే రోజుకు మాత్రం ఏదీ లేదు. ఒకనాడు బిడ్డ కాళ్ళు అంచుకు తగులుతాయి. మరునాడు అంచు పట్టుకొని లేవబోతాడు. భయపడి తల్లి చాప మీద పడుకోబెడుతుంది. అంతటితో తొట్టెల పని తీరిపోతుంది. తొలి బిడ్డ విషయంలో దీనిని ఎవరూ పట్టించుకొనరు. అటకెక్కిన తొట్టెల మళ్ళీ దిగుతుందని అందరికీ తెలుసు. కడగొట్టు బిడ్డ తొట్టెల దిగినప్పుడే ఇల్లు ఒక్కసారి ఆగి చూచుకొంటుంది. ఇక దీనిని ఏమి చేయాలి?

వారానికి రెండు రోజులు ఆలయ కార్యాలయంలో వస్తురూప విరాళాలు స్వీకరించే బల్ల వద్ద సేవ చేసే భాగ్యం నాకు కలిగింది. బియ్యం, నూనె, కొబ్బరికాయలు, చీరలు ఎక్కువగా వస్తాయి. వాటి గురించి ఎవరికీ సందేహాలు ఉండవు. తొట్టెల తెచ్చినవారు మాత్రం ఆటోలోనే దానిని ఉంచి, ముందుగా లోపలికి వచ్చి అడుగుతారు. స్వామివారికి ఇవ్వవచ్చునా? ఆవరణలోని రావిచెట్టుకు కట్టవచ్చునా? అమ్మితే దోషమా? ఖాళీ తొట్టెల ఇంట్లో ఉంటే అరిష్టమా? ఇన్ని ప్రశ్నలకు బల్ల దగ్గర నిలబడి సమాధానం చెప్పడం కష్టం. అందుకే ఈ వ్యాసం.

మొక్కు తొట్టెల, ఇంటి తొట్టెల

ముందుగా ఒక భేదం గుర్తించాలి. సంతానం కోరి ఆలయ వృక్షాలకు కట్టే చిన్న కొయ్య తొట్టెలలు, గుడ్డ ఊయలలు మొక్కులు. ఆషాఢమాసంలో బోనాలతో పాటు అమ్మవారికి సమర్పించే తొట్టెల కూడా అట్టిదే. వెదురు బద్దలతో అల్లి, రంగు కాగితాలు అంటించిన ఆ తొట్టెలలో ఏ బిడ్డా పడుకొనదు. అది అమ్మవారి కోసమే పుట్టిన వస్తువు. వైష్ణవాలయాలలో జరిగే డోలోత్సవం, తిరుమలలో అద్దాల మండపంలో జరిగే ఊంజల్ సేవ, కృష్ణాష్టమినాడు బాలకృష్ణుని ఊయలలో ఉంచి ఊపడం ఈ కోవలోనివే. స్వామి ఊగే ఊయల స్వామికోసం చేయించినదై ఉండాలి. మనం అనుభవించిన వస్తువును దేవునికి నివేదించరాదన్న నియమం పూలకూ, పండ్లకూ ఉన్నట్లే దీనికీ ఉన్నది.

కాబట్టి బిడ్డ పెరిగిన తొట్టెలను స్వామివారికి ఇవ్వలేము. చెట్టు మొదట పెట్టి వెళ్ళడమైతే మరీ తగదు. పగిలిన దేవుని పటాలు, వాడిపోయిన తులసి కోటలు, చిరిగిన పంచాంగాలు రావిచెట్టు కింద చేరుతున్న తీరు మనమందరమూ చూస్తున్నదే. ఇంట్లో ఉంచుకొనలేక, పారవేయడానికి చేతులు రాక, ఆ భారాన్ని చెట్టుకు అప్పగించి వెళ్ళిపోతున్నాము. రెండు వానలకు తొట్టెల ఉబ్బి విచ్చిపోతుంది. చివరకు దానిని తీసి కట్టెలలో వేసే పని ఊడ్చే అమ్మ మీద పడుతుంది. దీనిని సమర్పణ అనడానికి నాకు మనసు రాదు.

ఖాళీ తొట్టెల ఊపరాదని మన పెద్దలు అంటారు. ఊపరాదన్నారు గాని ఇంట ఉండరాదని అనలేదు. ఉండడం వల్ల అరిష్టమేమీ లేదు. అయితే అటక మీది కొయ్యకు చెదలు పడుతుంది, పరుపులో ఎలుకలు చేరుతాయి. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ ఉన్నది కదా! అక్కడి విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల రకాలు లక్షకు పైగా శీతల గదులలో ఉన్నాయి. అంత చలిలో దాచిన విత్తనమైనా కలకాలం బ్రతకదు. మొలకెత్తే శక్తి తగ్గకముందే తీసి విత్తి, కొత్త గింజలు పండించుకొని మళ్ళీ దాచాలి. ప్రపంచంలో అడిగిన శాస్త్రజ్ఞులకు పంపుతూ ఉండాలి. అటక మీది తొట్టెల గురించి ఎవరైనా అడిగినప్పుడు నాకు ఆ గింజలే గుర్తుకు వస్తాయి.

అమ్మడం దోషం కాదు. అవసరం ఉన్నవారు అమ్ముకొనవచ్చు. అది గృహస్థుని న్యాయమైన హక్కు. నేను చెప్పబోయేది ఇవ్వదలచుకొన్నవారి కోసం.

వాజశ్రవసుని గోవులు

దానమంటే ఏమిటో కఠోపనిషత్తు తొలి పుటలలోనే ఉన్నది. వాజశ్రవసుడు సర్వస్వమూ దానం చేసే యాగం చేస్తున్నాడు. దక్షిణగా గోవులను తోలుకొని పోతున్నారు. బాలుడైన నచికేతుడు వాటిని చూచాడు. అవి త్రాగవలసిన నీరు త్రాగేశాయి, మేయవలసిన గడ్డి మేసేశాయి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేశాయి. ఈనే శక్తి కూడా వాటికి లేదు. ఇటువంటి వాటిని ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడే అని ఆ పిల్లవాడు తండ్రి కోసం దుఃఖించాడు. నన్ను ఎవరికి ఇస్తావని మూడుసార్లు అడిగాడు. కోపంతో తండ్రి మృత్యువుకు ఇస్తానన్నాడు. ఉపనిషత్తు కథ అక్కడి నుండి యమలోకానికి సాగుతుంది. కాని మనవంటి గృహస్థులకు ఆ మొదటి ఘట్టమే చాలు. యాగం సరిగానే జరిగింది, మంత్రాలు సరిగానే పలికారు. ఇచ్చిన వస్తువే ఎవరికీ పనికిరానిది. ఆ సంగతి మొదట కనిపించినది ఇంట్లోని పిల్లవానికి.

కనుక తొట్టెలను ఇచ్చేముందు దానిని వట్టిపోయిన గోవుగా ఇస్తున్నామా, పాడి ఆవుగా ఇస్తున్నామా అని చూచుకొనాలి. భక్తిభావానికి వడ్రంగి పని కూడా తోడు కావాలి. ఇది కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే గాయపడేది శిశువు.

మొదట కీళ్ళు చూడాలి. పట్టె, కోడు కలిసే చోట పట్టుకొని గట్టిగా కదిపితే కిర్రుమన్నా, ఊగినా మేకులు కొట్టి సరిపెట్టరాదు. వడ్రంగి చేత విప్పించి తిరిగి బిగింపించాలి. గొలుసులు, ఇనుప కడ్డీలు, కొక్కేలు తుప్పు పట్టి ఉంటే మార్చాలి. నూలు తాడైతే ఎంత బాగున్నట్లు కనిపించినా కొత్తది వేయాలి. తాడు లోపలి నుండి చివుకుతుంది, పైకి తెలియదు. పక్క చువ్వల మధ్య సందు పెద్దదైతే బిడ్డ శరీరం జారి తల ఇరుక్కొనే ప్రమాదం ఉన్నది. అమెరికాలో ఈ సందు సుమారు 6 సెంటీమీటర్లకు మించరాదని నియమం. మన పాత తొట్టెలలో పిడికిలి దూరేటంత సందులు ఉంటాయి. అట్టివాటికి మధ్యలో మరొక చువ్వ వేయించవచ్చు. ఒక పక్క కిందికి జారే ఏర్పాటు ఉన్న మంచాలను ఆ దేశం 2011లో అమ్మకానికి నిషేధించింది. జారే పలక ఊడి శిశువులు చనిపోయిన సంఘటనలే అందుకు కారణం. విదేశాల నుండి బంధువులు తెచ్చిన అటువంటి మంచాలు మన ప్రాంతంలోనూ అక్కడక్కడ ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వకండి.

రంగు సంగతి మరింత ముఖ్యమైనది. పళ్ళు వచ్చే వేళ బిడ్డ అంచును కొరుకుతుంది. పూర్వపు రంగులలో సీసం కలిపేవారు. సీసం ఒంట్లో చేరితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదని కేంద్రప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు రంగు వేసిన తొట్టెలను అనుమానించాలి. ఆ రంగును ఉప్పుకాగితంతో పొడిగా గీకించరాదు. ఆ ధూళి మరింత హాని. రంగు పెచ్చులు లేస్తున్న పాత తొట్టెలను శిశువుకు కాక మరొక పనికి మళ్ళించడమే మేలు. రంగు వేయక నూనె పట్టించిన పాత టేకు తొట్టెలలకు ఈ బాధ లేదు. మన తాతలు చేయించినవి చాలావరకు అట్టివే కావడం మన అదృష్టం.

కీళ్ళలో నల్లులు ఉంటే మరుగుతున్న నీరు పోసి, ఎండలో ఆరబెట్టాలి. పరుపు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఇస్తే కొత్త దూదితో కుట్టించి ఇవ్వండి. అది మెత్తగా కాక గట్టిగా, సమంగా, అంచులలో సందు లేకుండా ఉండాలి. దిండ్లు వద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని శిశువైద్యులు చెబుతున్నారు. బిడ్డ చేతుల మీద, మోకాళ్ళ మీద లేవడం మొదలుపెడితే, అంటే సాధారణంగా 5, 6 నెలలకే, ఊగే తొట్టెల కాలం ముగిసినట్లు. ఈ మాట తీసుకొనేవారికి తప్పక చెప్పండి.

చక్రాల గుండ్రటి వాకరు గురించి కూడా అడుగుతారు. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే ఆ బండి వల్ల నడక త్వరగా రాదు. మెట్ల మీద నుండి దొర్లిపడి తలకు దెబ్బలు తగులుతాయి. కెనడా దేశం 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. మా బల్ల వద్ద దానిని తీసుకొనము. బిడ్డ వెనుక నిలబడి తోసుకొంటూ పోయే మన మూడు గీరల బండి వేరు. దానిని సంతోషంగా తీసుకొంటాము.

ఎవరికి చేరాలి

భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు దానాన్ని మూడు విధాలుగా చెప్పాడు. తిరిగి ఏమీ చేయలేనివానికి, తగిన చోట, తగిన వేళ, తగిన వ్యక్తికి ఇచ్చినది సాత్త్వికం. ప్రతిఫలం కోరి గాని, మనసులో బాధపడుతూ గాని ఇచ్చినది రాజసం. చోటు, వేళ చూడక, గౌరవం లేకుండా ఇచ్చినది తామసం. చాలామంది ఈ అధ్యాయాన్ని బియ్యం, బంగారం, భూమి వంటి దానాలకే వర్తింపజేస్తారు. తొట్టెలకు వర్తింపజేసి చూస్తే అది ఎంత నిక్కచ్చిగా చెప్పిందో తెలుస్తుంది.

మన ప్రాంతాన్ని చూడండి. 1960వ దశకంలో రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ కర్మాగారం వచ్చింది. ఆ తరువాతి దశకాలలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. ముందుగా వచ్చి స్థిరపడినవారికి ఇప్పుడు సొంత ఇళ్ళు ఉన్నాయి, ఇళ్ళకు అటకలు ఉన్నాయి, అటకల మీద తొట్టెలలు ఉన్నాయి. అదే జాతీయ రహదారి పక్కన, రుద్రారం గణేశ్ గడ్డకు వెళ్ళే దారిలో, ఇస్నాపూర్ సందులలో, రేకుల కప్పు వేసిన వరుస గదులలో ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన దంపతులు ఉన్నారు. ఒక గదిలో వంట, పడక, బిడ్డ. అక్కడ తొట్టెల అంటే ఇనుప దూలానికి కట్టిన పాత చీర. ఇచ్చేవారు ఇక్కడ, కావలసినవారు అక్కడ, మధ్య దూరం రెండు కిలోమీటర్లు అని మనకు అనిపిస్తుంది.

అంత సులువు కాదు. పెద్ద టేకు తొట్టెలను ఆ గదిలో పెడితే మనుషులు పడుకొనడానికి చోటు ఉండదు. పని మారినప్పుడో, పండుగకో వారు రైలెక్కి ఊరికి పోతారు. తొట్టెలను మోసుకొని పోలేరు. వదలిపోతే గది యజమాని దానిని పొయ్యిలో పెడతాడు. ఒక తల్లి నాతో ఆ మాటే చెప్పింది. ఆమె హిందీలో మృదువుగానే చెప్పింది, కాని తొట్టెల ఇవ్వబోయిన మా కార్యకర్తల ముఖాలు చిన్నబోయాయి. చీర ఊయలే నయమని ఆమె అన్నది. నిజమే, చీర ఊయలకు మన ఇళ్ళలోనూ తక్కువ గౌరవం లేదు. కాకపోతే దానిని నేలకు దగ్గరగా కట్టాలి, అన్నలూ అక్కలూ ఊపుతూ మెలిపెట్టకుండా చూడాలి, బిడ్డను ఒంటరిగా వదలరాదు. కొందరు పిల్లలు మెలిపడిన చీరలో ఊపిరాడక ప్రాణం పోగొట్టుకొన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. ఇటువంటి ఇళ్ళకు ఉపయోగపడేది మడిచి మంచం కింద పెట్టుకొనగల ఇనుప స్టాండు ఊయల, దోమతెర ఉన్న చిన్న పడక. మీ వద్ద అవి ఉంటే ముందు వాటిని తీసుకురండి.

పెద్ద కొయ్య తొట్టెలకు తగిన చోటు మరొకటి ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 48వ సెక్షను, 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో 6 సంవత్సరాల లోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని చెప్పింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఈ బాధ్యత పెట్టింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూచుకొనవచ్చునని కూడా పేర్కొన్నది. ఆ గదిని ఏర్పాటు చేయవలసినది యాజమాన్యమే. మన దానం వారి బాధ్యతకు బదులు కారాదు. కాని ఇప్పటికే నడుస్తున్న సంరక్షణ గదులలో, కూలి తల్లుల పిల్లలను చూచే చిన్న కేంద్రాలలో గట్టి తొట్టెల పదేళ్ళ పాటు బిడ్డ తరువాత బిడ్డను మోస్తుంది. అక్కడ చోటు ఉంటుంది, చూచుకొనే మనిషి ఉంటుంది. అంగన్‌వాడీలకు తొట్టెలకంటె చిన్న కుర్చీలు, బల్లలు ఎక్కువ ఉపయోగం. అక్కడి టీచరమ్మను ముందుగా అడిగి తీసుకుపోవాలి.

అడగడమే ఇందులో ప్రధానం. తీసుకొనేవారిని అడగకుండా ఆటో ఎక్కించిన దానాన్ని నేను తామసం అనే అంటాను.

నాది కాదు

దానం ముగిసే వేళ పురోహితులు నీరు విడిపించి 'న మమ' అనిపిస్తారు. ఇది ఇక నాది కాదు అని అర్థం. తన స్వత్వాన్ని విడిచి ఎదుటివారికి స్వత్వం కలిగించడమే దానమని ధర్మశాస్త్రజ్ఞులు నిర్వచించారు. విడవకుండా ఇచ్చినది దానం కాదు, ఎరువు.

ఎరువు తప్పని నేను అనను. మా ఇంటి తొట్టెల మా పుట్టింటివారు జోగిపేటలో చేయించి 21వ నాడు పంపినది. మా పిల్లలిద్దరి తరువాత అది మా చెల్లెలి ఇంటికి, అక్కడి నుండి మా మరిది పిల్లలకు పోయి, మళ్ళీ మా ఇంటికి వచ్చింది. అది ఇల్లిల్లూ తిరిగినా అందరికీ అది మా తొట్టెలే. కుటుంబంలో ఇలా తిరగడం చక్కని పద్ధతి. కాని దానిని దానమని పిలవరాదు. బయటివారికి ఇచ్చి, రెండేళ్ళకు మా తమ్మునికి బిడ్డ పుట్టింది, తొట్టెల తిరిగి ఇవ్వండి అని అడిగినవారిని నేను చూచాను. ఇచ్చినదానిని తిరిగి తీసుకొనడాన్ని దత్తాపహారమంటారు. భాగవతం దశమస్కంధంలో నృగ మహారాజు కథ ఉన్నది. ఒకరికి దానమిచ్చిన గోవు తప్పించుకొని తిరిగి అతని మందలో కలిసింది. ఎరుగక దానినే మరొకరికి ఇచ్చాడు. ఎరుగక జరిగినదానికే అతడు ఊసరవెల్లియై బావిలో పడి ఉండవలసి వచ్చింది. శ్రీకృష్ణుని స్పర్శతో గాని విముక్తి కలగలేదు. ఆ కథలో నాకు కనిపించే హెచ్చరిక ఇది: ఇచ్చే ముందు ఈ వస్తువు నిజంగా ఎవరిదో తేల్చుకొనాలి.

తొట్టెల విషయంలో ఆ ప్రశ్న అనుకొన్నంత తేలిక కాదు. గత కార్తికమాసంలో ఒక అత్తాకోడళ్ళు తొట్టెలతో వచ్చారు. కోడలు పారిశ్రామికవాడలో మందుల ప్యాకింగు పని చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఏడాదిన్నర దాటింది. "ఇద్దరు చాలనుకున్నమమ్మా. ఆపరేషన్ గూడ అయింది. ఇది అటక మీద ఉన్నన్ని దినాలు ఇంటికొచ్చినోళ్ళందరు దాన్నే చూసి అడుగుతరు" అన్నది. అత్తగారు పక్కనే నిలబడి తొట్టెల పట్టెను వదలలేదు. "నా కొడుకు ఊగిన తొట్టెల ఇది. వాని కొడుకు గూడ ఊగుతడనుకున్న" అన్నదామె. అంతకుమించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకొనలేదు.

నేను ఆనాడు దానిని తీసుకొనలేదు. "అమ్మా, దీనిని మీ అమ్మగారివాళ్ళు పెట్టారా?" అని పెద్దమ్మను అడిగాను. ఔనన్నది. అట్లయితే ఇచ్చే హక్కు ఆమెది, ఆమె మనసు కుదిరిన నాడు తెండి అని ప్రసాదం ఇచ్చి పంపాను. కోడలికి నా మాట నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది. ఆమె బాధ నాకు తెలియక కాదు. అటక మీది ఆ కొయ్య ఇంట్లో ప్రతిరోజూ ఒక ప్రశ్న వేస్తూనే ఉన్నది. దానిని తీసివేస్తే ప్రశ్న పోతుందని ఆమె ఆశ. కాని అత్తగారి చేతి నుండి లాక్కొన్న తొట్టెల పోయినా, ఆ ప్రశ్న ఇంట్లోనే ఉంటుంది.

మూడు వారాల తరువాత పెద్దమ్మ ఒక్కతే మనుమరాండ్రను వెంటబెట్టుకొని వచ్చింది. తొట్టెలకు కొత్త తాడు వేయించింది. మగపిల్లవాడు పుట్టిన ఇంటికే ఇవ్వమని కోరింది. షరతు పెట్టి ఇవ్వడానికి వీలులేదని చెప్పవలసి వచ్చింది. ఆమె మండపం అరుగు మీద చాలాసేపు కూర్చున్నది. పిల్లలు చుట్టూ పరుగెత్తుతున్నారు. చివరకు లేచి వచ్చి, "సరేనమ్మా, బాగ చూసుకునేటోళ్ళకు ఇయ్యండి" అని నీళ్ళు విడిచింది. ఆ నెలలోనే ఆ తొట్టెల ఒక ఆడపిల్ల తల్లికి చేరింది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

బిడ్డ దక్కని ఇంటి తొట్టెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అటువంటి తల్లులు కార్యాలయానికి రారు. వచ్చినా బల్ల దాకా రారు. కొయ్యకు దోషం అంటదని పండితులు చెప్పినా, తీసుకొనే ఇల్లు వెనుకాడవచ్చు. ఆ వెనుకాడడం ఆ తల్లిని మళ్ళీ గాయపరుస్తుంది. అట్టి తొట్టెలను వడ్రంగికి ఇచ్చి పీటలుగానో, వ్యాసపీఠాలుగానో మార్పిస్తే బడికో, పారాయణ మందిరానికో ఉపయోగపడుతుంది. ఇది మా వద్ద మౌనంగానే జరుగుతుంది. ఎవరూ కారణం అడగరు, రసీదులో కొయ్య సామాను అని మాత్రమే వ్రాస్తాము.

ఇచ్చే రోజుకు ప్రత్యేకమైన తంతు ఏదీ అవసరం లేదు. శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, ఖాళీగా కాక లోపల గుప్పెడు బియ్యం, ఒక కొబ్బరికాయ, ఒక రవికెగుడ్డ ఉంచి ఇవ్వండి. ఖాళీ గిన్నె తిరిగి పంపని మన ఆడవారికి ఇది చెప్పనక్కర లేదు. దాత పేరు తొట్టెల మీద వ్రాయమని మాత్రం కోరకండి. ఆలయంలో ఫంకాల రెక్కలకూ, బల్లలకూ పేర్లు ఉన్న మాట నిజం. ఆ పేర్లు చూచి మరొకరు ప్రేరణ పొందుతారని ట్రస్టు వారు అనుమతిస్తారు. తొట్టెల సంగతి వేరు. దానిలో పడుకొన్న బిడ్డ పేరే ఆ ఇంట్లో వినిపించాలి.

వీలైతే తొట్టెల దిగిన బిడ్డను కూడా వెంట తీసుకురండి. హుండీలో నాణెం పిల్లల చేత వేయిస్తాము కదా, అలాగే తొట్టెలను వాని చేయి తాకించి ఇప్పించండి. కొందరు పిల్లలు బుద్ధిగా చేయి పెడతారు. కొందరు అంచు పట్టుకొని ఏడుస్తారు. ఎక్కువమంది మాత్రం చివరిసారి అందులో ఎక్కి కూర్చుంటారు, కాళ్ళు బయటికి వ్రేలాడుతుంటాయి, ఊపమంటారు. ఒకటి రెండు ఊపులు ఊపండి. తొందర లేదు, ఆటో అబ్బాయి ఆగుతాడు.